చూపు లేనివారు గేమ్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవచ్చా? మిర్చి టిక్కీతో మొదలుపెడదాం

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం మన గుంటూరు, ప్రకాశం వైపు ఏ ఇంట్లో చూసినా ఒకటే చర్చ. ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా, పాలిటెక్నికా? ఇంట్లో చూపు లేని పిల్లాడో పిల్లో ఉంటే మాత్రం ఆ చర్చ ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. "వాడికి లెక్కలెందుకు, ఆర్ట్స్‌లో చేర్పిద్దాం" అంటారు అబ్బా. "హిఫ్జ్ పూర్తి చేయిస్తే చాలు" అంటుంది నానీమా. సంగీతం నేర్పిద్దామని ఇంకొకరు. ఇవేవీ తక్కువ చదువులు కావు. కాకపోతే ఆ ఐదు నిమిషాల్లో పిల్లాడి మాట ఎక్కడా వినపడదు.

ఇప్పుడు చూపు లేని పిల్లలూ ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని వాట్సాప్ వాడుతున్నారు, యూట్యూబ్ వింటున్నారు. శబ్దాలు విని ఆడే గేమ్‌లు కూడా ఉన్నాయి. అలా ఆడేవాళ్లలో ఒకరు "నేనూ ఒక గేమ్ తయారు చేస్తా" అంటే ఏం చెప్పాలి? ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే. జవాబు ముందే చెప్పేస్తాను: చేయొచ్చు. ప్రపంచంలో చూపు లేని ప్రోగ్రామర్లు ఇప్పటికే చేస్తున్నారు. అయితే అందరూ భయపెట్టే ఒక పాఠం దారిలో ఉంది. దాని పేరు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్. చిత్రమేమిటంటే, చూపు లేనివారికి ఎక్కువగా పనికొచ్చే పాఠం అదే.

మానిటర్ ఆపేసి కూర్చుంటే

రాసే ముందు నేనూ నాలుగు సాయంత్రాలు ప్రయత్నించాను. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద దుప్పటి కప్పేసి, ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని, పైథాన్‌లో పది లైన్లు రాద్దామని కూర్చున్నా. మొదటి సాయంత్రం ఆ యంత్రం గొంతు అర్థం కావడానికే సరిపోయింది. రెండో సాయంత్రం ప్రోగ్రామ్ రాశాను కానీ నడవలేదు. లైన్ చివర పెట్టాల్సిన కోలన్ పెట్టలేదు. మళ్లీ మళ్లీ విన్నా తప్పు దొరకలేదు. ఎందుకంటే మామూలుగా స్క్రీన్ రీడర్ కోలన్ లాంటి చిన్న గుర్తుల్ని చదవదు, వదిలేస్తుంది. ఎన్‌వీడీఏ మీటతో పాటు పీ నొక్కితే గుర్తులు ఎంతవరకు చదవాలో మారుతుందని తర్వాత తెలిసింది. అన్నీ చదివేలా పెట్టుకున్నాక తప్పు వెంటనే వినిపించింది.

నాలుగు సాయంత్రాలు దుప్పటి కప్పుకున్నంత మాత్రాన చూపు లేనివారి అనుభవం నాకు తెలిసిపోలేదు. నాకు అర్థమైంది ఆ సాఫ్ట్‌వేర్ సంగతి మాత్రమే. నేను తడబడిన వేగానికి ఎన్నో రెట్లు వేగంగా వినేవాళ్లున్నారు. వాళ్ల హెడ్‌ఫోన్ మన చెవిలో పెట్టుకుంటే ఒక్క ముక్క కూడా పట్టుకోలేం.

ఈ ఎన్‌వీడీఏ కథ కూడా తెలుసుకోవాల్సిందే. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ దీన్ని మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టెహ్ తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. అప్పట్లో మంచి స్క్రీన్ రీడర్ కొనాలంటే కంప్యూటర్ ఖరీదుతో సమానంగా పెట్టాల్సి వచ్చేది. అందుకని వీళ్లే ఉచితంగా ఒకటి తయారుచేసి అందరికీ ఇచ్చేశారు. ఎక్కువ భాగం పైథాన్‌లో రాశారు. అంటే చూపు లేనివారు ప్రోగ్రామ్ రాయడానికి వాడే పనిముట్టునే చూపు లేని ప్రోగ్రామర్లు రాశారు. "వీళ్లకు కోడింగ్ ఎలా వస్తుంది?" అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

ఇంకో పేరు టి.వి. రామన్. మన దేశంవాడే. 14 ఏళ్ల వయసులో గ్లాకోమా వల్ల చూపు పోయింది. ఐఐటీ బొంబాయిలో కంప్యూటర్ సైన్స్ చదివి, అమెరికాలోని కార్నెల్‌లో పీహెచ్‌డీ చేశాడు. 1995లో ఈమ్యాక్‌స్పీక్ అనే ప్రోగ్రామ్ విడుదల చేశాడు. మామూలు ఎడిటర్‌లో కోడ్ రంగురంగుల్లో కనిపిస్తుంది కదా, వ్యాఖ్యలు ఒక రంగు, కీలక పదాలు ఇంకో రంగు. రామన్ ఆ రంగుల పనిని గొంతులకు అప్పగించాడు. వ్యాఖ్య ఒక గొంతులో, కీలక పదం మరో గొంతులో వినిపిస్తాయి. కంటికి రంగు చేసే పని చెవికి గొంతు చేస్తుందన్నమాట.

చూపున్నవాడు పేజీ చూస్తాడు, చూపు లేనివాడు లైన్ వింటాడు

అసలు ఇబ్బంది ఎక్కడుందో చెప్తాను. చూపున్న ప్రోగ్రామర్ ముందు ఒకేసారి నలభై యాభై లైన్లు కనిపిస్తుంటాయి. పైకీ కిందకీ జరిపి ఒక్క చూపులో "అదిగో, తప్పు అక్కడుంది" అనుకుంటాడు. చెవికి ఆ సౌకర్యం లేదు. ఒక సమయంలో ఒక లైనే. రెండు వేల లైన్లున్న ప్రోగ్రామ్ ఒకే ఫైల్‌లో ఉంటే, ముందు ఏముందో వెనక ఏముందో మొత్తం బుర్రలో పెట్టుకోవాలి.

హాఫిజ్‌లను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఖురాన్ మొత్తం గుండెల్లో ఉన్నా, ఎక్కడినుంచైనా అందుకుని చదవగలగడానికి కారణం దానికి పారాలు, సూరాలు, రుకూలు ఉండటం కూడా. పేరు చెబితే చోటు తెలుస్తుంది. పేరూ విభాగమూ లేకుండా ఏకబిగిన సాగే దాన్ని చెవితో పట్టుకోవడం కష్టం. ప్రోగ్రామ్‌లో ఆ విభాగాలు కట్టే పద్ధతి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్.

ఈ ఆలోచన నార్వేలో పుట్టింది. ఓలే యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్ అనే ఇద్దరు తయారుచేసిన సిములా 67 భాషలో మొదటిసారి క్లాసులు, ఆబ్జెక్టులు వచ్చాయి. వాళ్లకు కావాల్సింది నిజ జీవితంలో జరిగే పనుల్ని కంప్యూటర్‌లో నడిపి చూడటం. అలాంటి పనికి మన దగ్గర గుంటూరు మిర్చి యార్డు కంటే మంచి ఉదాహరణ ఏముంటుంది?

ఒక టిక్కీ, లక్ష టిక్కీలు

సీజన్‌లో గుంటూరు యార్డుకు రోజుకు లక్షకు పైగా టిక్కీలు వచ్చే రోజులుంటాయి. ప్రతి టిక్కీకీ కొన్ని వివరాలుంటాయి: రైతు పేరు, రకం, బరువు, ధర. తేజా ఉంటుంది, 334 ఉంటుంది, తాలు కాయలుంటాయి. టిక్కీలన్నీ వేర్వేరు, కానీ అన్నింటి వివరాల వరస ఒకటే. కమీషన్ కొట్లో ఒక ఖాళీ పట్టీ పుస్తకం ఉందనుకోండి. ఆ ఖాళీ పట్టీయే క్లాస్. దాన్ని నింపి చింపి ఇచ్చిన ఒక్కో పట్టీ ఒక్కో ఆబ్జెక్ట్. క్లాస్ ఒక్కటే రాస్తాం, ఆబ్జెక్టులు ఎన్నైనా పుట్టించుకోవచ్చు. లక్ష టిక్కీల కోసం లక్షసార్లు కోడ్ రాయక్కర్లేదు.

వివరాలతో పాటు ఆబ్జెక్ట్‌కు పనులు కూడా ఉంటాయి. "తూకం చెప్పు", "ధర కట్టు" అంటే టిక్కీయే తన లెక్క తాను చెప్పాలి. వీటిని మెథడ్స్ అంటారు.

మా డిగ్రీలో ఇదే పాఠాన్ని బోర్డు మీద నాలుగు డబ్బాలు గీసి, బాణాలు పెట్టి, "చూశారుగా, ఇంతే" అని ముగించారు. చూపున్న మాకే అర్థం కాలేదు. క్లాసులో చూపు లేని విద్యార్థి ఉండి ఉంటే ఆ "చూశారుగా" దగ్గరే ఆగిపోయేవాడు. నాకు ఇది తలకెక్కింది ఎప్పుడంటే, తర్వాత ఒక కొట్లో ఖాతాలు చూసేటప్పుడు. ఖాతా అనేది అచ్చమైన ఆబ్జెక్ట్. రైతు వచ్చి తన నిల్వ అంకెను తానే కొట్టేసి కొత్తది రాయలేడు. గుమస్తాకు చెప్పాలి. గుమస్తా జమ రాస్తాడు, ఖర్చు రాస్తాడు, నిల్వ దానంతట అదే మారుతుంది. లోపలి అంకెను బయటివాళ్లు ముట్టుకోకుండా, అడగాల్సిన దారిలోనే అడిగేలా చేయడాన్ని ప్రోగ్రామర్లు ఎన్‌క్యాప్సులేషన్ అంటారు. పేరు విని భయపడ్డాను కానీ విషయం పాతదే.

చూపు లేని విద్యార్థికి ఇక్కడ ఒక లాభం ఉంది. ఎన్‌వీడీఏ వాడేవాళ్లు స్క్రీన్ మీద తిరిగే పద్ధతుల్లో ఒకదాని పేరే ఆబ్జెక్ట్ నావిగేషన్. కిటికీ ఒక ఆబ్జెక్ట్, దాని లోపల జాబితా ఒక ఆబ్జెక్ట్, జాబితా లోపల ఒక్కో పేరూ ఆబ్జెక్టే. ఎన్‌వీడీఏ మీట పట్టుకుని నంబర్ ప్యాడ్‌లో 8 నొక్కితే బయట ఉన్నదానికి, 2 నొక్కితే లోపల ఉన్నదానికి, 4, 6 నొక్కితే పక్కవాటికి వెళ్తారు. అంటే "దీని లోపల అది, దాని పక్కన ఇది" అన్న ఆలోచన వాళ్ల వేళ్లకు ముందే అలవాటై ఉంటుంది. చూపున్న విద్యార్థికి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేది వీళ్లు రోజూ చేసే పనే. మాస్టారు ఆ సంగతి తెలుసుకుని అక్కడినుంచి మొదలుపెడితే సగం పాఠం అయిపోయినట్టే.

యార్డు దాటే హమాలీ ఆట

ఇప్పుడు ఆట తయారుచేద్దాం. బొమ్మలు లేవు, శబ్దాలే. ఆడేవాడు హమాలీ. వీపున టిక్కీ వేసుకుని, లారీలూ ట్రాక్టర్లూ తగలకుండా యార్డు ఈ మూల నుంచి కాటా దాకా చేరాలి.

ముందు బండి అనే క్లాస్ రాస్తాం. అది ఎక్కడుంది, ఎటు పోతోంది, ఎంత వేగం, ఏ శబ్దం అన్నవి దాని వివరాలు. కదలడం, శబ్దం చేయడం దాని పనులు. లారీ, ట్రాక్టర్, ఎడ్లబండి ఈ బండికి పిల్లలు. కదలడం ఎలాగో తండ్రి దగ్గర ఒకసారి రాస్తే మూడింటికీ వచ్చేస్తుంది. దీన్నే వారసత్వం అంటారు. శబ్దం మాత్రం ఎవరిది వాళ్లది. లారీ హారన్ కొడుతుంది, ట్రాక్టర్ దడదడలాడుతుంది, ఎడ్లబండి మువ్వలు మోగుతాయి.

ఆట నడిచేటప్పుడు ఒక చక్రం సెకనుకు ముప్పై, అరవై సార్లు తిరుగుతుంటుంది. ప్రతి తిప్పుకూ యార్డులో ఉన్న బండ్లన్నింటికీ "కదులు, శబ్దం చెయ్యి" అని చెబుతుంది. అది లారీయా, ఎడ్లబండా అని అడగదు. మాట ఒక్కటే, ఎవరి పద్ధతిలో వాళ్లు చేస్తారు. దీని పేరు పాలిమార్ఫిజం. రేపు ఆటో కావాలంటే ఇంకో చిన్న క్లాస్ రాస్తే చాలు, చక్రం జోలికి వెళ్లక్కర్లేదు.

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. వారసత్వం రుచి మరిగి అన్నింటినీ దానికే కట్టేస్తారు. హమాలీ దగ్గర టిక్కీ ఉంది కాబట్టి హమాలీని టిక్కీకి పిల్లను చేసేస్తారు. హమాలీ టిక్కీ కాదు, టిక్కీని మోసేవాడు. "ఇది అదేనా?" "ఇది దాని దగ్గర ఉందా?" ఈ రెండు ప్రశ్నలూ పైకి అడుక్కుంటే తేడా తెలిసిపోతుంది. చెవితో పనిచేసేవాళ్లకు ఇంకో హెచ్చరిక: తండ్రి, తాత, ముత్తాత అంటూ వారసత్వాన్ని పొడిగించుకోవద్దు. ఒక మెథడ్ ఏం చేస్తుందో తెలుసుకోవడానికి నాలుగు ఫైళ్లు తిరిగి వినాల్సి వస్తే, విభాగాలు కట్టిన లాభం అంతా పోతుంది. రెండు అంతస్తులు చాలు. ఇది నా అభిప్రాయం. పెద్ద ప్రోగ్రామర్లు కొందరు ఒప్పుకోకపోవచ్చు.

ఒక్కో క్లాస్ ఒక్కో చిన్న ఫైల్‌లో పెడితే లారీ శబ్దం తప్పుగా వస్తున్నప్పుడు లారీ ఫైల్ ఒక్కటే వినాలి, మిగతా యార్డంతా వినక్కర్లేదు. విజువల్ స్టూడియో కోడ్ అనే ఉచిత ఎడిటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కితే ఆ ఫైల్‌లోని క్లాసుల పేర్లు, పనుల పేర్లు మాత్రమే జాబితాగా వినిపిస్తాయి. కావాల్సిన పేరు దగ్గర ఎంటర్ కొడితే అక్కడికే వెళ్తుంది. ఎఫ్8 నొక్కితే తర్వాతి తప్పు దగ్గరికి వెళ్తుంది. చూపున్నవాడు ఒక్క చూపులో చేసే పనికి చెవి వాడుకునే దారులివి. పేర్లు చక్కగా పెట్టుకుంటేనే ఈ దారులు పనికొస్తాయి. ఏ, బీ, సీ అని పేర్లు పెట్టేవాళ్లకు జాబితా విన్నా ఏమీ తెలియదు.

పైథాన్ 3లో పేర్లు తెలుగు లిపిలో కూడా పెట్టొచ్చు. టిక్కీ అని తెలుగులోనే రాస్తే నడుస్తుంది. సరదాగా బాగుంటుంది కానీ ఇంగ్లిష్ గొంతు పెట్టుకున్న స్క్రీన్ రీడర్ ఆ పేరు దగ్గర తడబడుతుంది. అందుకని పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టుకుని, ఆడేవాళ్లకు వినిపించే మాటలు తెలుగులో పెడితే మేలు.

ఎడమ నుంచి వస్తోందని చెవికి ఎలా తెలుస్తుంది?

ఎడమ పక్క హారన్ కొడితే శబ్దం ఎడమ చెవికి ముందు చేరుతుంది, కుడి చెవికి కాస్త ఆలస్యంగా. ఆ తేడా ఎంతో తెలుసా? మహా అయితే సెకనులో వెయ్యో వంతుకు కూడా తక్కువ, దాదాపు 0.7 మిల్లీసెకన్లు. అంత చిన్న తేడాతో మెదడు దిక్కు పసిగడుతుంది. దానితో పాటు తల అడ్డం వస్తుంది కాబట్టి అవతలి చెవిలో శబ్దం కాస్త తగ్గుతుంది కూడా.

చిన్న ఆటకు ఇంత శాస్త్రం అక్కర్లేదు. పైగేమ్ అనే ఉచిత లైబ్రరీలో ఎడమ స్పీకర్‌కు ఎంత, కుడి స్పీకర్‌కు ఎంత అని విడివిడిగా శబ్దం పెట్టొచ్చు. హమాలీ 10వ అడుగులో ఉన్నాడు, లారీ 4వ అడుగులో ఉంది. నాలుగులోంచి పది తీసేస్తే మైనస్ ఆరు. మైనస్ వస్తే ఎడమ, ప్లస్ వస్తే కుడి. అంకె చిన్నదయ్యేకొద్దీ శబ్దం పెంచాలి. బీకాం దాకా వెళ్లక్కర్లేదు, హైస్కూల్ తీసివేత చాలు. ముందు నుంచి వచ్చే శబ్దం, వెనక నుంచి వచ్చే శబ్దం రెండు చెవులకూ ఒకేలా చేరతాయి కాబట్టి అక్కడ తికమక ఉంటుంది. అందుకే శబ్దాల గేమ్‌లు చేసేవాళ్లు చాలామంది వెనక ఉన్నదాని స్థాయిని కాస్త కిందికి దించుతారు. ఆడేవాళ్లు ఆ గుర్తును త్వరగానే పట్టేస్తారు.

శబ్దాల ఆటతోనే ప్రోగ్రామింగ్ నేర్చుకోమని నేను గట్టిగా అనడానికి కారణం ఇక్కడే ఉంది. బొమ్మల ప్రోగ్రామ్ రాస్తే అది సరిగ్గా వచ్చిందో లేదో చూపు లేని విద్యార్థికి ఇంకొకరు చెప్పాలి. పక్కన తమ్ముడో స్నేహితుడో ఉండాలి. శబ్దాల ఆటలో తీసివేత తలకిందులుగా రాస్తే ఎడమ నుంచి రావాల్సిన లారీ కుడి నుంచి వస్తుంది. తప్పు తన చెవికే వినిపిస్తుంది. తానే దిద్దుకుంటాడు, మళ్లీ తానే వింటాడు. ఎవరినీ పిలవక్కర్లేదు. నేర్చుకునే రోజుల్లో ఇంతకంటే కావాల్సిందేముంది?

అడ్డాలు ఎక్కడున్నాయి

దారంతా సాఫీగా ఉందని చెబితే అబద్ధమవుతుంది. స్కూళ్లలో పిల్లలకు మొదట నేర్పే స్క్రాచ్‌లో రంగు దిమ్మల్ని మౌస్‌తో లాగి అతికించాలి. స్క్రీన్ రీడర్‌తో ఆ పని కుదరదు. పెద్ద కంపెనీలు గేమ్‌లు చేయడానికి వాడే యూనిటీ లాంటి ఇంజిన్లలో ఎడిటర్ అంతా కంటిచూపు మీద నడిచేదే. గోడో అనే ఉచిత ఇంజిన్‌కు 4.5 వెర్షన్‌లో స్క్రీన్ రీడర్ సదుపాయం చేర్చారు కానీ అది ఇంకా ప్రయోగ దశలో ఉంది. అందుకని మొదట్లో ఇంజిన్ జోలికి పోకుండా, కోడ్ మొత్తం అక్షరాల్లో రాసే దారే మంచిది.

పైథాన్‌తో ఒక చిక్కు ఉంది. ఏ లైన్ దేని లోపల ఉందో అందులో ఖాళీలను బట్టి తెలుస్తుంది. ఖాళీ వినపడదు కదా! దీనికి ఎన్‌వీడీఏలోనే మందుంది. డాక్యుమెంట్ ఫార్మాటింగ్ సెట్టింగుల్లో లైన్ ఇండెంటేషన్ చెప్పేలా పెట్టుకుంటే ఎన్ని ఖాళీలున్నాయో పలుకుతుంది. మాటల బదులు స్వరం కూడా పెట్టుకోవచ్చు. లైన్ లోపలికి జరిగేకొద్దీ స్వరం పైకి పోతుంది. సరిగమలు తెలిసిన పిల్లలకు ఇది చాలా తేలిక. ఈ గొడవే వద్దనుకుంటే అమెరికాలో ఆండ్రియాస్ స్టెఫిక్ బృందం చూపు లేని విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన క్వోరమ్ అనే భాష ఉంది. అందులో ప్రతి విభాగం "ఎండ్" అనే మాటతో ముగుస్తుంది. క్లాసులు, గేమ్‌లు చేసే సదుపాయం కూడా ఉన్నాయి.

ఇంతకుముందు చాలామంది చూపు లేని యువకులు బీజీటీ అనే పనిముట్టుతో గేమ్‌లు చేయడం నేర్చుకున్నారు. స్వీడన్‌కు చెందిన ఫిలిప్ బెన్నెఫాల్ దాన్ని తయారుచేశాడు, ఆయనకూ చూపు లేదు. దాని భాష సీ ప్లస్ ప్లస్‌ను పోలి ఉంటుంది. ఇప్పుడది పాతబడింది. అదే దారిలో ఎన్‌వీజీటీ అనే కొత్త ఉచిత పనిముట్టు వచ్చింది. పైథాన్‌లో కాస్త చెయ్యి తిరిగాక అటువైపు చూడొచ్చు.

ఇది పిల్లలాట కాదు

చూపు లేనివారి గేమ్‌లంటే ఏదో జాలితో చేసినవి అనుకుంటారు. జపాన్‌లో కెంజి ఎనో 1997లో సెగా శాటర్న్ కోసం రియల్ సౌండ్ అనే గేమ్ చేశాడు. అందులో బొమ్మలే లేవు, మొత్తం శబ్దమే. చూపున్నవారూ లేనివారూ ఒకే గేమ్ ఆడాలన్నది ఆయన కోరిక. 2020లో వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో 60కి పైగా సదుపాయాలు పెట్టారు. చూపు లేనివారు ఆ పెద్ద గేమ్‌ను సొంతంగా పూర్తిచేశారు. 2023లో వచ్చిన ఫోర్జా మోటార్‌స్పోర్ట్ కార్ల రేసును చెవులతో విని నడపొచ్చు. ఆ సదుపాయం రూపకల్పనలో బ్రాండన్ కోల్ అనే చూపు లేని ఆటగాడు సలహాదారుగా పనిచేశాడు. అంటే ఈ విద్యకు బయట గిరాకీ ఉంది. గేమ్ ఎలా ఉండాలో చూపు లేనివారిని అడిగి చేసే రోజులొచ్చాయి.

2016లో మైక్రోసాఫ్ట్ బిల్డ్ సభ వేదిక మీద సత్య నాదెళ్ల ఒక ఇంజినీర్‌ను పరిచయం చేశాడు. పేరు సాకిబ్ షేక్. ఏడేళ్ల వయసులో చూపు పోయింది. ఇంగ్లాండ్‌లో కంప్యూటర్ సైన్స్ చదివి 2006లో మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. ఫోన్ కెమెరాతో ఎదుట ఉన్నదేమిటో చదివి చెప్పే సీయింగ్ ఏఐ వెనక ఉన్నది ఆయనే. మన దేశంలో కార్తీక్ సాహ్నీ పదో తరగతి తర్వాత సైన్స్ తీసుకోవడానికే సీబీఎస్‌ఈతో పోరాడాల్సి వచ్చింది. 2013లో 12వ తరగతి పూర్తిచేసి అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ చదివాడు.

మనకు బాగా దగ్గరి కథ బొల్లా శ్రీకాంత్‌ది. మచిలీపట్నం దగ్గర సీతారామపురం ఊరు. పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు ఇవ్వమంటే రాష్ట్ర బోర్డు కుదరదంది. కోర్టుకు వెళ్లి గెలిచాడు. 98 శాతం మార్కులు తెచ్చుకుని అమెరికాలోని ఎంఐటీలో చదివాడు. 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టాడు. 2024లో వచ్చిన హిందీ సినిమా ఆయన కథే. ఆయన ప్రోగ్రామర్ కాదు. కానీ మన వైపు చూపు లేని పిల్లలకు లెక్కలు, సైన్స్ తలుపు తెరుచుకోవడంలో ఆ కేసు పాత్ర ఉంది.

దీన్ విషయంగా ఆలోచించేవాళ్లకు ఒక మాట. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) చూపు లేనివారు. ఆయన సందర్భంగానే సూరా అబస అవతరించింది. ప్రవక్త ముహమ్మద్ (స) ఆయనకు అజాన్ బాధ్యత ఇచ్చారు, తాము మదీనా విడిచి వెళ్లినప్పుడు నగర బాధ్యతలూ అప్పగించారని సీరా గ్రంథాలు చెబుతాయి. అక్కడ ఆయనకు దక్కింది జాలి కాదు, పని.

చేర్పించే ముందు తెలుసుకోవాల్సినవి

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు ఇవ్వాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, అందులో 1 శాతం చూపు లేనివారికి, తక్కువ చూపున్నవారికి. పరీక్షల గురించి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం, వీలైనంతవరకు కంప్యూటర్‌లో రాసే అవకాశం ఉన్నాయి. వీటన్నింటికీ సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు కావాలి. ఫలితాలు వచ్చాక తిరగడం కాకుండా ఇప్పుడే స్లాట్ బుక్ చేసుకోవడం మంచిది. యార్డు సీజన్‌లో అబ్బాలకు తీరిక దొరకదని నాకు తెలుసు, అయినా ఒక పూట తీసుకోవాలి.

ఖర్చు విషయానికొస్తే ఎన్‌వీడీఏ, పైథాన్, పైగేమ్, విజువల్ స్టూడియో కోడ్ అన్నీ ఉచితమే. ఒక మోస్తరు పాత ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్ చాలు. టైపింగ్ ముందు రావాలి. వేళ్లు మీటల్ని వెతుక్కుంటుంటే ఆబ్జెక్టుల దాకా వెళ్లలేరు. రెండు మూడు నెలలు టైపింగ్‌కు, స్క్రీన్ రీడర్‌కు ఇచ్చేయండి. తర్వాత మొదటి ఆటగా ఒక్క లారీ, ఒక్క హమాలీ చాలు. ట్రాక్టరూ ఎడ్లబండీ తర్వాత వస్తాయి.

కాలేజీ ల్యాబ్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకోనివ్వరని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఎన్‌వీడీఏను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే నడపొచ్చు. ఎన్‌వీడీఏ తెరిచి, దాని టూల్స్ మెనూలో పోర్టబుల్ కాపీ తయారుచేసే చోటు ఉంటుంది. ల్యాబ్ పరీక్షకు ఒకరోజు ముందే వెళ్లి పెన్‌డ్రైవ్ తెరుచుకుంటుందో లేదో, ఆ కంప్యూటర్ హెడ్‌ఫోన్ జాక్ రెండు చెవుల్లోనూ పలుకుతుందో లేదో చూసుకోండి. ఒక్క చెవిలోనే పలికితే లారీ ఎటునుంచి వస్తోందో తెలియదు.